షెడ్డులోని గాలి ట్యాంకు విషయమై

డెబ్భై ఎనిమిదేళ్లు నిండిన నేను, ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని, ఈ ఇంటి యజమానురాలిని, పట్టపగలు నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎవరి బలవంతమూ ఎవరి బతిమాలుడూ లేకుండా స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి రెండు ఉన్నాయి. అవి చెల్లవు. రెంటినీ చింపేశాను.

బుద్ధి స్థిమితంగా ఉన్నట్టు రుజువు కావాలంటే డాక్టరమ్మను అడగండి. మొన్న నన్ను వందలోంచి ఏడేసి తీసివేస్తూ రమ్మంది. అరవై అయిదు దగ్గర చాలు చాలన్నది గాని నేను రెండు దాకా వెళ్లి ఆగాను. బుద్ధికి లోటు లేదు. మనసు స్థిమితంగా ఉందని మాత్రం రాయలేను. ఈ నాలుగు వాక్యాలు రాసేలోగా రెండుసార్లు లేచి షెడ్డు తలుపు గడియ వేసి ఉందో లేదో చూసి వచ్చాను.

1. ఇల్లు, స్థలం నా కొడుకుకీ కూతురికీ చెరి సగం. కొలతలు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నాయి, వాటిని మళ్లీ కొలిపించి ఎవరూ శ్రమపడవద్దు. మధ్యలో గోడ ఎక్కడ కట్టాలా అని కాక, అసలు కట్టాలా అని ముందు ఆలోచించండి.

2. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కోడలిది. "నేనుండగా ఆమె ఏమిటి?" అని కొడుకు అడుగుతాడు. నాయనా, నువ్వు ఏ కాగితమైనా మొదటి వరసా చివరి వరసా చదివి సంతకం పెడతావు. నీ భార్య మందు సీసా మీద చీటీని కూడా చివరిదాకా చదువుతుంది. "మా అత్తయ్య ఉప్పు కూడా తూకం వేసి వేస్తుంది" అని ఆమె పక్కింట్లో అన్న సంగతి నాకు తెలుసు. అబద్ధం కాదు కనుక పట్టించుకోలేదు. పద్దెనిమిదేళ్లలో నేనిచ్చిన గిన్నె ఒక్కటీ మూత లేకుండా తిరిగి రాలేదు. నా లెక్కల పుస్తకాలన్నీ, స్కూలు నుంచి నాకు బహుమతిగా వచ్చిన ఇత్తడి తక్కెడ ఆమెకే.

3. ఇక షెడ్డు. నా భర్త అచ్చుయంత్రం నడిపేవారు. ఆదివారాలు మాత్రం ఆ షెడ్డులో మోటారు సైకిలు ముందు మోకాళ్ల మీద ఉండేవారు. బండిని బయటి మెకానిక్కుకి ఇవ్వడం ఆయనకు పిల్లవాణ్ని పరాయి ఇంట్లో వదిలినట్టుండేది. మూతపడుతున్న ఒక టైర్ల కొట్టు నుంచి గాలి కంప్రెసర్ కొని తెచ్చారు. మోటారు, దాని కింద అడ్డంగా పడుకున్న ఇనుప ట్యాంకు, పొడుగాటి రబ్బరు గొట్టం. మోటారు గాలిని ట్యాంకులోకి కుక్కుతుంది. గొట్టం చివర ఏ పనిముట్టు తగిలిస్తే అది ఆ గాలితో పనిచేస్తుంది. చేత్తో అరగంట కుస్తీ పట్టే నట్టు ఇంపాక్ట్ గన్నుతో ఒక్క క్షణంలో ఊడివస్తుంది. ఆయన పోయి ఆరేళ్లయింది. కంప్రెసర్ వచ్చి ఇరవై ఆరేళ్లు. ఈ రెండో అంకెను గుర్తు పెట్టుకోండి.

4. ఇంపాక్ట్ గన్ను నా కొడుక్కి ఇవ్వను. కారణం వాడికి తెలుసు. ఇంజను ఆయిలు మార్చాక కింది బోల్టును చేత్తో బిగించమని తండ్రి చెప్పి వెళ్తే, వీడు గన్నుతో బిగించాడు. గోటితో పోయేదానికి గొడ్డలి. మర కొట్టుకుపోయి ఆయిలంతా రోడ్డు పాలైంది. ఆయన ఆ బండిని మూడు కిలోమీటర్లు తోసుకుంటూ ఇల్లు చేరారు. ఒక్క మాట అనలేదు. నేను ఆయన వాటా కూడా కలిపి అన్నాను, పందొమ్మిదేళ్లుగా అంటూనే ఉన్నాను.

దానికి బదులు కొడుక్కి టార్క్ రెంచ్ ఇస్తున్నాను. చాలినంత బిగువు రాగానే టక్కుమని చెప్పే చేతి రెంచ్ అది. బీరువా కింది అరలో ఎర్ర డబ్బాలో ఉంది, ఇప్పటిదాకా వాడలేదు. మీ నాన్న ఆ వారమే నీకోసం కొన్నారు. ఇస్తే ఎత్తిపొడిచినట్టు ఉంటుందేమోనని మొహమాటపడి దాచేశారు. తర్వాత నేను కూడా దాచాను.

5. టైర్లలో గాలి కొలిచే గేజీ నా కూతురికి. ఆమెకు బండి నడపడం రాదు, బండి అంటే భయం. తన కూతురికి తాతగారి మోటారు సైకిలు తాళాలు నేనిచ్చిన రోజున, "అమ్మా, ఊరందరికీ క్రమశిక్షణ చెప్పావు, నీకు మాత్రం ఒక్క చుక్క మిగుల్చుకోలేదా?" అని నాలుగు నెలలు నాతో మాట్లాడటం మానేసింది. అమ్మాయీ, భయపడేవాళ్లకు ఊరికే భయపడటం కంటే కొలుచుకోవడం మంచిది. వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూడు. ముందు టైరు ఇరవై తొమ్మిది పౌండ్లు, వెనకది ముప్పై మూడు. అంకె సరిగ్గా ఉంటే ఆ రాత్రికి నీకు నిద్ర పడుతుంది. నాకు పట్టేది.

6. ఇంపాక్ట్ గన్ను, దానికి తగిలించి నట్లకు తొడిగే సాకెట్ల వరస, గాలి ఊదే గన్ను, టైర్లకు గాలి కొట్టే పిడి, గొట్టం, పని చేసేటప్పుడు తాతగారు పెట్టుకునే రక్షణ కళ్లద్దాలు, మోటారు సైకిలు నా మనవరాలికి, అంటే నా కూతురి కూతురికి. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. ఇరవై మూడేళ్లు. లిఫ్టులు బిగించే కంపెనీలో ఉద్యోగం. ప్రతి ఆదివారం తొమ్మిదింటికి వచ్చి నాలుగింటికి వెళ్తుంది.

షరతులు: కళ్లద్దాలు లేకుండా గాలి తెరవకూడదు. గాలితో బట్టలు దులుపుకోకూడదు, ఒంటి మీదికి ఊదుకోకూడదు. చర్మంలోంచి గాలి లోపలికి పోతే వైద్యుడికి కూడా కష్టం. ఎయిర్ ఫిల్టరును లోపలి నుంచి బయటికి ఊదాలి. బ్రేకు దుమ్మును ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. బేరింగును కడిగాక గాలితో గిర్రున తిప్పడం తమాషాగా ఉంటుంది, ఆ తమాషా వద్దు. గన్నులో ప్రతిసారీ ముందు రెండు చుక్కలు నూనె. నట్టు ఊడదీయడానికే గన్ను. ఆఖరి బిగింపు చేత్తోనే. ఇవన్నీ ఒక అట్ట మీద రాసి షెడ్డులో వేలాడదీసినప్పుడు అది చదివి, "అమ్మమ్మా, నువ్వు పోయాక కూడా గోడెక్కి నన్ను తిడుతూనే ఉంటావన్నమాట" అంది. ఉంటాను.

7. కంప్రెసర్, దాని ట్యాంకు కూడా మనవరాలికే చెందుతాయి.

పై వాక్యం రాశాక ఇరవై నిమిషాలు కలం కదలలేదు. దాన్ని కొట్టివేసే ముందు కారణం రాయాలి.

గాలిని కుక్కినప్పుడు అందులోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. అడుగున ఒక చిన్న కుళాయి ఉంటుంది. పని అయ్యాక దాన్ని విప్పి ఆ నీరు వదిలేయాలి. వదలకపోతే ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. నా భర్త బతికున్నంత కాలం ఆ కుళాయిని ఆయనే విప్పేవారు. ఆయన పోయాక ఏడాదిన్నర షెడ్డు మూసే ఉంచాను. ఆ ఏడాదిన్నర ట్యాంకు అడుగున నీళ్లున్నాయి. పిల్లలకు నీటి ఆవిరి గురించి ముప్పై నాలుగేళ్లు బల్ల గుద్ది చెప్పిన నాకు ఆ కుళాయి గుర్తు రాలేదు.

మనవరాలు వచ్చి షెడ్డు తెరిచాక నాకు గుర్తొచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె వెళ్లగానే కుళాయి విప్పి, నీటిని గాజు గ్లాసులోకి పట్టి, మందు మూతతో కొలిచి పుస్తకంలో రాశాను. ఎన్ని మూతలు, ఏ రంగు. మొదట లేత పసుపు. తర్వాత ఇటుక రంగు. ఈ ఏప్రిల్ నుంచి గ్లాసు అడుగున రేకులు.

ఆ ఏప్రిల్లోనే షెడ్డు తలుపు బందు అతికించడానికి వచ్చిన వెల్డరు, నేను అడగకుండానే ట్యాంకు పొట్ట మీద చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాడు. పైన ఖంగుమంది. అడుగున మట్టికుండలా పలికింది. "టీచరమ్మగారూ, ఇది ఏ రోజు పేలుతుందో చెప్పలేం. ప్లగ్గు పీకి పారేయండి" అన్నాడు. సరేనన్నాను. పీకలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఏడు నెలలైంది. ఎందుకు చెప్పలేదో ఇక్కడ రాయకపోతే ఈ పత్రమంతా దొంగలెక్క. బండి పని లేకపోతే ఆ పిల్ల ప్రతి ఆదివారం నా దగ్గరకు వస్తుందా అని భయం. కొత్తది కొనవచ్చు కదా అంటారు. కొత్తది కొంటే తన ఇంట్లోనే పెట్టుకుంటుంది, అక్కడ చోటుంది. నేను వేసుకున్న లెక్క ఇదీ. ప్రమాదం తగ్గేలా, మోసం బయటపడకుండా కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాను. మోటారు నూట ఇరవై పౌండ్ల దగ్గర ఆగేది. మర తిప్పి డెబ్భైకి దించాను. నా కుర్చీని ట్యాంకుకూ ఆమెకూ మధ్య వేసుకున్నాను, ఇనుము చీలి వస్తే ఈ ఎముకలు ఆపుతాయన్నట్టు. ప్రతిసారీ మోటారు ఆగేదాకా చూపు తిప్పేదాన్ని కాదు. "అమ్మమ్మకు నా పని చూడటమంటే ఎంత ఇష్టమో, రెప్ప కూడా వేయదు" అని ఫోనులో స్నేహితురాలికి చెప్పుకుంది.

పోయిన ఆదివారం వెనక చక్రం నట్టు ఊడిరాలేదు. "గన్నులో దమ్ము లేదేంటి? తాతయ్య పెట్టిన కంప్రెసర్ ఇలా మూలుగుతుందా?" అంటూ వెతికి వెతికి ఆ మర పట్టుకుంది. "చూశావా, ఎవరో మహానుభావుడు తగ్గించేశాడు!" అని నవ్వి, తిరిగి నూట ఇరవైకి పెట్టింది. నేను నోరు తెరిచాను. ఆ నోటితో, "అద్దాలు పెట్టుకో" అన్నాను. అంతే అన్నాను. రెండు గంటలు పని చేసింది. మోటారు పదకొండు సార్లు పలికింది. ఆ సాయంత్రం గ్లాసులో పడిన రేకు నా బొటనవేలి గోరంత ఉంది.

కనుక ఏడో అంశం మొదటి వాక్యం కొట్టివేసి, దాని స్థానంలో ఇలా రాశాను: నా మరణానంతరం సదరు ట్యాంకును ఎవరూ వాడకుండా వెంటనే రంధ్రం కొట్టించి పాత ఇనుముకు వేయవలెను.

రాసి, అలవాటు కొద్దీ తప్పుల కోసం మళ్లీ చదివాను. నా మరణానంతరం. అక్షరదోషం ఏమీ లేదు. డాక్టరమ్మ నా గుండెకు అయిదేళ్లు ఢోకా లేదంది. అయిదేళ్లకు ఆదివారాలు రెండు వందల అరవై. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వేరు. ఆకులు ఎక్కడున్నాయో చేతులు కాలాక చదువుకోమని కాగితం రాసి బీరువాలో పెడుతున్నాను నేను.

పదకొండూ ఇరవైకి కలం మూత పెట్టి వెల్డరుకు ఫోన్ చేశాను.

ఇక్కడి నుంచి రాస్తున్నది మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత. వెల్డరు ప్లగ్గు పీకి, వైరు కత్తిరించి, గాలంతా వదిలి, గేజీ సున్నాకు వచ్చేదాకా ఆగాడు. తర్వాత డ్రిల్లు కూడా తీయలేదు. అడుగున స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో ఒక్కటి వేశాడు. అట్టలోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. నేను కుర్చీలో కూర్చున్నాను.

తర్వాత మనవరాలికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఏప్రిల్, సుత్తి, మర, రేకులు, కుర్చీ. మధ్యలో అడ్డు రాలేదు. చివర, "అంటే ఆదివారం నేను నూట ఇరవైకి పెంచినప్పుడు నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "పక్కనే కూర్చున్నావు కదా అమ్మమ్మా." కూర్చున్నానన్నాను. "నాకు పనుంది" అని పెట్టేసింది. ఆ పిల్ల ఫోన్ పెట్టేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒక వెక్కిరింత వదిలి పెడుతుంది. ఇవాళ లేదు.

కనుక ఏడో అంశం మొత్తం రద్దు. అందులో చెప్పిన ట్యాంకు ఇప్పుడు లేదు. కొట్టివేతలు నావే, ప్రతి కొట్టివేత పక్కనా పొడి సంతకం చేశాను. కోడలు ఈ అంశాన్ని దాటవేయకుండా అందరికీ చదివి వినిపించాలి. కూతురు విన్నాక నన్ను అనవలసిన మాటలు అననివ్వాలి. పోయినవాళ్లను ఏమీ అనకూడదని ఎవరూ ఆమె నోరు మూయించవద్దు.

8. ఆరో అంశంలో రాసినవన్నీ నా మనవరాలివే. ఆమె ఈ ఆదివారం వచ్చినా, రాకపోయినా, ఇక ఎన్నడూ ఈ గడప తొక్కకపోయినా అందులో ఒక్క అక్షరం మారదు. కోపం వల్ల ఆమె వాటిని తీసుకోనంటే కోడలు వాదించకుండా తన దగ్గర భద్రపరచాలి. గన్నులో నెలకు రెండు చుక్కలు నూనె వేయాలి. ఎన్నేళ్లయినా సరే, గడువు పెట్టడం లేదు.

చదివి, సరి చూసుకుని, సరేననుకుని చేసిన సంతకం.

14-11-2024, గురువారం, మధ్యాహ్నం రెండుగంటల పది నిమిషాలు.

(సంతకం) భౌతికశాస్త్రం టీచరు, రిటైర్డు

సాక్షులు:
1. (సంతకం) వెల్డరు. ట్యాంకుకు రంధ్రం కొట్టింది నేనే. టీచరమ్మగారు నా ఎదుటే సంతకం చేశారు.
2. (సంతకం) ఎదురింటి మందుల షాపాయన. సంతకం చేయడం చూశాను. మనిషి తెలివిగానే ఉన్నారు.