ఏడో పేరు

నాన్నా, నేను క్షేమం, హాస్టల్ గది బాగుంది, దిగులు పెట్టుకోవద్దు.

నిన్న కాలేజీలో విద్యార్థి సంఘం మీటింగుకు వెళ్లాను. ఒక సీనియర్ మన మిల్లు సమ్మె గురించి మాట్లాడాడు. లోపలికెళ్లి మగ్గాలు నడిపిన పదకొండు మంది వల్లే సమ్మె భగ్నమైందంటూ వాళ్ల పేర్లు చదివాడు. ఒక్కో పేరుకీ హాలంతా "సిగ్గు! సిగ్గు!" అని అరిచింది. నేనూ అరిచాను. ఏడో పేరు నీది. ఆపుకునేలోపే ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది.

లేచి, "ఆయన మా నాన్న. అప్పుడు మా చెల్లి ఆస్పత్రిలో ఉంది, మందులకు ఆయన కూలే దిక్కు" అన్నాను. సీనియర్ కాగితం మడిచి, "అందరిళ్లలోనూ పిల్లలున్నారమ్మా" అన్నాడు, నెమ్మదిగానే. నేను కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయి కుర్చీ కాస్త అటు జరుపుకుంది.

నా మందపాటి దుప్పటి పంపించు. నానమ్మ కంటికి కట్టు విప్పారా? చెల్లిని మాత్రం ఈ కార్డు చదవనివ్వకు, తన వల్లే అనుకుంటుంది.

సమ్మె న్యాయమైనదేనని నాకింకా అనిపిస్తోంది నాన్నా. అయినా నిన్ను ఆ మాటన్న నోటితో అన్నం తినబుద్ధి కావడం లేదు. ఇంకెవరో చెప్పేలోగా నేనే చెప్పాలని రాస్తున్నాను. తిట్టినా సరే, జవాబు నీ చేత్తోనే రాయి, అమ్మ చేత రాయించకు.

అమ్మకు, నానమ్మకు నమస్కారాలు.

నీ పెద్దమ్మాయి