పేరుకోని రక్తం

1941 ఆగస్టు 6, బుధవారం. కామారెడ్డి. పొద్దంతా ముసురు. దవాఖానలో రక్తం పరీక్షించే గాజుపలకలన్నీ కడిగి ఆరబెట్టాను.

మధ్యాహ్నం ఎల్లారెడ్డి నుంచి లక్ష్మి అనే బాలింతను బండిలో తెచ్చారు. కాన్పులో రక్తం చాలా పోయింది. ఇంకొకరి రక్తం ఎక్కించక తప్పదన్నారు డాక్టరుగారు. రక్తం ఏ రకమో తేల్చడానికి హైదరాబాదు నుంచి వచ్చిన రెండు రకాల సీరంలో ఆమె రక్తపు చుక్కలు కలిపి చూశాను. దేనిలోనూ పలుకులు కట్టలేదు, అంటే పేరుకోలేదు. ఇచ్చేవాళ్ళ రక్తం కూడా అలాగే ఉండాలి.

ఆమె అన్న మల్లయ్య చుక్క వెంటనే పలుకులు కట్టింది. అతను పలక చూసి మురిసిపోయాడు.

"సూడు సారూ, పెరుగు లెక్క పేరుకున్నది! నా చెల్లెకు నా రక్తమే కుదిరింది."

పేరుకుంటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పి ఆపాను. తర్వాత లక్ష్మి అత్త చుక్క చూస్తే నున్నగా ఉండిపోయింది.

"నాది పేరుకోలే. మా ఇద్దరికి ఎన్నడు కుదిరింది గనుక!" అని ఆమె లేవబోయింది.

"నీదే కావాలె, కూసో అవ్వా" అన్నాను.

రక్తం ఎక్కుతున్నంతసేపూ నా మనసు మనసులో లేదు. దారిలో వేడికి సీరం చెడిపోయి ఉంటే? నేను సరిగ్గా చూడకపోయి ఉంటే? కానీ రక్తం పడకపోతే వచ్చే వణుకు లక్ష్మికి రాలేదు. సాయంత్రానికి కళ్ళు తెరిచి, అంతా విని, సన్నగా అన్నది:

"అత్తా, ఇగ నేను ఎదురు మాట్లాడితె నన్ననకు. అది నీ రక్తమే."

"ముందుగాల ఎరుకైతే ఇయ్యకపోదును" అన్నది అత్త, ఆమె దుప్పటి సర్దుతూ.

నవ్వు దాచుకోవడానికి నేను కిటికీవైపు తిరిగాను. ఇవాళ దూది, స్పిరిటు ఎంత వాడామో రాయాలి గానీ, రాసిందంతా ఈ అత్తాకోడళ్ళ మాటలే.