బంగారు రంగు పూసిన గిన్నె

చెల్లె భాగ్యకు, ఇక్కడ నేను బాగానే ఉన్నాను.

నీ బిడ్డ జ్యోతిర్మయి పెళ్లిలో తలంబ్రాలకని టేకు, మామిడి చెక్క ముక్కలు వరుసలుగా అతికించి, మా క్యాంపస్ వర్క్‌షాపు లేత్ మీద తిప్పి గిన్నె చేశాను. తార్నాకలో మన తమ్ముడు కరుణాకర్ ఇంట్లో ఉంచితే, వాడు నాకు చెప్పకుండా దానికి బంగారు రంగు పూశాడు!

"అతుకులు కనవడ్తున్నయే అన్నా, పెండ్లి పిలగానోల్లు నవ్వరా?" అన్నాడు.

అతికించాను కనుకే నిలుస్తుంది. ఒకే మొద్దుతో చేస్తే ఎండకు పగిలేది. ఒళ్లు మండి, మళ్లీ లేత్‌కు ఎక్కించి రంగంతా ఉలితో తీసేశాను. గిన్నె పలచబడింది గాని అతుకు ఒక్కటీ ఊడలేదు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? పసుపు నువ్వు దంచకు. గిన్నెను బస్సులో పంపిస్తున్నాను, తీసుకోవడానికి బావను బస్టాండుకు పంపు. తలంబ్రాలు ఈ గిన్నెలోనే కలుపు. ఎవరైనా నవ్వితే నన్ను పిలువు, కరుణాకర్‌ను కాదు.

పిల్లకు నా దీవెనలు.
అన్న చంద్రయ్య