తెర మూలన ఊదా మచ్చ

ఫిబ్రవరి 3, 1998

టీవీ మూలన మచ్చ ఇంకా ఉంది. డిసెంబరులో మా అబ్బాయి నేతని, ఓ పాత స్పీకర్ అయస్కాంతం తెచ్చి అక్కడ అంటించాడు. రగ్బీ ఆటగాళ్లు ఆ మూలకు రాగానే ఊదా రంగుకు మారుతుంటే పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆపుకుని తిట్టాను. ఆ వారమే డెంగ్యూతో పోయాడు. ఎనిమిదేళ్లు నిండలేదు నా కొడుక్కి.

ఫిబ్రవరి 6

వాడు పోయిన వందో రాత్రికి చుట్టాలొస్తారు, ఈలోగా టీవీ బాగుచేయిద్దామని మా ఆయన సువా పట్నం నుంచి మెకానిక్ రామ్‌సుమేర్‌ని తీసుకొచ్చాడు. నన్నొక మాట అడగలేదు. టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

మెకానిక్ మంచివాడు. సంచీ విప్పలేదు. వెనకనుంచి ఎలక్ట్రాన్లు దూసుకొస్తాయమ్మా, కాయిల్ వాటిని వంచి ఎక్కడ పడాలో అక్కడ పడేస్తుంది, మీవాడి అయస్కాంతం గుణం అద్దం వెనక రేకుకి పట్టేసింది, అందుకే అక్కడ పక్కకి తిరిగి వేరే రంగు మీద పడుతున్నాయి, అంతే అన్నాడు.

అంతే అంటాడేమిటి. వాటిని ఇంకా నా కొడుకే నెడుతున్నాడు.

వెళ్తూ ఇంకో మాటన్నాడు. నేను ముట్టుకోకపోయినా ఆ మచ్చ పోద్దమ్మా, చల్లారిన టీవీ వేసినప్పుడల్లా లోపలున్న ఇంకో కాయిల్ కాస్త కాస్త చెరిపేస్తది, ఇంకొక్కసారి వేస్తే మిగలదేమో అని. నిజమే. అరచేయంత ఉండేది, ఇప్పుడు బొటనవేలంత.

ఫిబ్రవరి 7

నిన్నటి నుంచి టీవీ ఆపడం మానేశాను.

ఫిబ్రవరి 20

ఆ వెలుగులో నిద్రెలా పడతది లితియా, నీకు పిచ్చి ముదిరింది అన్నాడు మా ఆయన. ముదరనీ అన్నాను. తెల్లారి లేచి చూస్తే టీవీ ముందే చాప వేసుకుని పడుకున్నాడు, మొహం ఆ మూలకు పెట్టి.

మార్చి 15

వందో రాత్రి. ఇల్లంతా జనం. ఇవాళ్టితో దుఃఖం దించుకోవాలట. ఎక్కడ దించను?

నేను వంటింట్లో చేమదుంపలు వడ్డిస్తున్నాను. ప్రార్థన మొదలవుతుంటే మా ఆడపడుచు, దేవుడి ముందు ఆ గోలేంటి వదినా అని కేకేసి టీవీ ఆపేసింది. ఇక్కడ ఏ ఇంట్లోనైనా ఆపుతారు. ఆమెను ఏమనను? పరిగెత్తుకొచ్చేసరికి తెర నల్లగా ఉంది.

మార్చి 16

ఆపి ఉన్నంతసేపూ మచ్చ లోపల భద్రం. కానీ కనపడదు. చూడాలంటే వేయాలి. వేస్తే పోతుంది.

మార్చి 22

టీవీకి దుప్పటి కప్పాను. మా ఆయన తీసేశాడు. వాడు అందులో దాక్కుని లేడే అన్నాడు. కోపం రాలేదు. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

మార్చి 29

వేశాం. నేను కళ్లు మూసుకున్నాను. ఆయన మూసుకోలేదు. పక్కన ఆయన ఏడుపు వినపడింది.