ఎవరో ఉన్నట్టు

మంగళవారం, రాత్రి

ఏ వీడియో చేసినా, ఏం కావాలో ఏఐకి రాసిచ్చే నా ప్రాంప్ట్ చివర ఒకటే టెంప్లేట్ అతికిస్తాను. పొగమంచు, టేకు చెట్లు, తడి నేల, ఇప్పచెట్టు కింద ఎవరో ఉన్నట్టు. ఆ చివరి మాట ఊరికే, మూడ్ కోసం రాసుకున్నది. మణుగూరు చీరల షాపు ప్రకటనైనా, పినపాకలో పెళ్లి పిలుపైనా, దాంతో ఏఐ వీడియోకి మన అడవి కళ వచ్చేస్తుంది.

పొద్దున అత్తమ్మకు అన్నీ వరసగా చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె చీరలు చూడనే లేదు, చెట్టు కిందే చూసింది.

"అన్నిట్ల గీమె ఎవరే?"

అప్పుడు గమనించాను. అటు తిరిగి కూర్చున్న ఒక ఆడమనిషి. ప్రతి వీడియోలో అదే మనిషి. పాతవాటిలో దూరంగా, కొత్తవాటిలో దగ్గరగా.

టెంప్లేట్ చదివి వినిపిస్తే నా నోరు మూసినంత పని చేసింది.

"ఇప్పపువ్వు ఏరనీకి పోయినప్పుడు మేం గా మాట అననే అనం. అడవిల ఎవరో ఉన్నట్టుంది అంటే, ఉంటరు బిడ్డా."

నవ్వొచ్చింది. ప్రాంప్ట్ అన్నా అంతే కదా, ఏది ఉందంటే అది ఉంటుంది. అయినా ఆ మాట తీసేసి చీరల వీడియో మళ్లీ చేశాను. చెట్టు కింద ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని సాయంత్రం అత్తమ్మకు చూపించాను.

ఆమె ఆ ఖాళీ చోటునే చాలాసేపు చూసింది. లేచి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టి వచ్చింది.

"గామెను ఆడికెల్లి లేపినవ్, సరే. ఏడికి పొమ్మన్నవ్ మరి?"