సగంలో మింగిన మాట

అన్నయ్యా,

నీకు చేరదని తెలిసీ, నీ గదిలోనే కూర్చుని రాస్తున్నాను. బెజవాడ నుంచి నిజాం రాజ్యానికి చదువుకు రావడమంటే అమ్మకు ఇప్పటికీ పరదేశమే. నువ్వు పోయిన ఊరికి నన్ను పంపనని మొన్నటిదాకా మొండికేసింది.

సరిహద్దు స్టేషనులో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి జవాన్లు పెట్టె విప్పించి, అమ్మ కట్టిచ్చిన సున్నిపిండిని వేలితో తీసి వాసన చూశారు. నువ్వు చెప్పి నవ్వించేవాడివే, అచ్చం అలాగే. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఛత్రినాకలో నువ్వు అద్దెకున్న ఇంటి ముందు, బర్రెలు కట్టేసిన వాకిట్లోకి మల్లవ్వ ఎదురొచ్చింది. మూడేళ్ళు నీకు అన్నం పెట్టి, ఆఖరి జ్వరంలో నీ తల ఒళ్ళో పెట్టుకున్న మనిషి. "ఫికర్ చెయ్యకు బిడ్డా, గీ గది మీ అన్నదే" అంది.

సెలవులకొచ్చినప్పుడల్లా నువ్వు గుమ్మంలో నిలబడి, ఇక్కడివాళ్ళలాగే "అమ్మా, వచ్చిన" అనేవాడివి. "వచ్చిన... ఎవర్రా? మాట సగంలో మింగేశావేం?" అని అమ్మ ఏడిపించేది.

కాలేజీలో పేరు రాయించుకుని సాయంత్రం తిరిగొచ్చాను. గుమ్మంలో ఎందుకో ఆ మాటే నోటికొచ్చింది.

"అవ్వా, వచ్చిన" అన్నాను.

వంటింట్లోంచి మల్లవ్వ వెంటనే పలికింది. "వచ్చినవా రామం? గింత పొద్దుపోయిందేంది? కాళ్లు కడుక్కో, బువ్వ పెడ్త."

మన గొంతులు ఒకటేనని నాకెవరూ చెప్పలేదు.

అంతలో లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె బయటికి రాలేదు. నేను రామాన్ని కానని నేనూ చెప్పలేదు.

వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను.