మూడో జంప్ కింద రాసింది

అమ్మకు,

నమస్కారం. ముందుగా ఇది విను: నా ఒంటికి ఏమీ కాలేదు, వేళకు తింటున్నాను. నాన్న దగ్గు తగ్గిందని తలుస్తాను. మందుల షాపు అక్కా, ఎప్పటిలా అమ్మకు నువ్వే చదువుతున్నావు కదా, ఈసారి ఏదీ దాటేయకు. అమ్మ మొహం చూసి మాటలు మెత్తబరచకు.

పారాచూట్ ఎలా మడుస్తారని అడిగావు. నువ్వు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచినట్టు కాదమ్మా. తాళ్ళన్నీ మధ్యలోకి తెచ్చి, మడతలు అటూ ఇటూ పేర్చి, మీద పడుకుని గాలంతా నొక్కేసి, చిన్న సంచీలో కుక్కాలి. కొత్తలో నన్ను చూసి పైలట్, "మడుస్తున్నావా, దాంతో కుస్తీ పడుతున్నావా?" అన్నాడు. ఇప్పుడు అనడం లేదు. మడిచిన ప్రతిసారీ కార్డు మీద సంతకం పెడతాను. దాన్ని నమ్మి మనుషులు విమానంలోంచి దూకుతారు.

నేను దూకే పుస్తకంలో ఏముంటుందని కూడా అడిగావు. మడత పని చేసేవాళ్ళకు ఈ క్లబ్బులో దూకడం నేర్పుతారని చెప్పాను కదా. ఒక్కో జంప్‌కి ఒక్కో పేజీ. పైన తేదీ, ఎంత ఎత్తులో దూకాం, ఎంత ఎత్తులో పారాచూట్ తెరిచాం అని ఉంటుంది. కింద ఏం జరిగిందో నేర్చుకునేవాళ్ళే రాయాలి. టీచరు సంతకం పెడతారు. మొదటిదాని కింద, "తలుపు దగ్గర కాళ్ళు కదలలేదు" అని రాశాను. రెండోదాని కింద, "ఎత్తు చూపే మీటరు చూడటం మరిచాను. దిగేటప్పుడు కూలబడ్డాను" అని. అవి నీకు పంపితే, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని రాయించావు.

మొదటి మూడింటికీ ఇద్దరు టీచర్లు చెరోపక్క పట్టుకుని దూకుతారు. మూడోదాని కింద, "ఇద్దరు టీచర్లూ వదిలారు. నిలకడగా ఉన్నాను" అని రాశాను. అది విని లాండ్రీ అంతా చెప్పుకున్నావట. అది నిజం కాదమ్మా.

ఆ రోజు నేల మీదికి దిగగానే ఆ టీచర్లలో ఒకరైన మేడం నన్ను నిలేసింది. "వదిలిన క్షణమే కుడివైపు తిరిగిపోతున్నావే! నీ కుడికాలు ముడుచుకుపోతోంది. మళ్ళీ పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఇదంతా రాసెయ్" అంది. నేను రాసింది వేరు. తర్వాతి విమానం ఇంజను మోగుతోంది. ఆవిడ చదవకుండానే సంతకం పెట్టి పరుగెత్తింది.

మన ఇంట్లో పెన్ను పట్టింది నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళూ నేను రాసిందంతా పరీక్షలకు, లేదంటే నీకు. ఆ పేజీ కూడా నీకు ఉత్తరం రాసినట్టే రాశాను, అంతా క్షేమం అని.

ఆదివారం మేడం సెలవు. మూడోదానికి నాతో లేని టీచరు, పొడుగు సారు వచ్చారు. నాలుగోదానికి టీచరు ఒక్కరే ఉంటారు. ఆయన నా పుస్తకం చూసి, "మూడోది బాగా వెళ్ళిందన్నమాట. ఇవాళ తొందరగా వదిలేస్తా, సరేనా?" అన్నారు. సరే సార్ అన్నాను. నిజం చెప్పాల్సిన సమయం అదే, చెప్పలేదు.

ఆయన చెయ్యి తీయగానే నేల గిర్రున తిరిగింది. వెల్లకిలా పడ్డాను. ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. మీటరు గుర్తే లేదు. ఆయన వెంటపడి వచ్చి నా పిడి లాగారు. నా పారాచూట్ తెరుచుకుంది. ఆయనది తెరుచుకునేసరికి చాలా కిందికి వచ్చేశారు. మైదానం అందక కంకర మీద దిగారు. చీలమండకు కట్టు కట్టారు.

"పిల్లకి నేర్పారా సారూ, పిల్లే మీకు నేర్పిందా?" అని అందరూ ఆయన్ని ఏడిపిస్తున్నారు. ఆయన నవ్వుతున్నారు. నా నాలుగో పేజీలో ఆయన చేత్తో, "ముందే వదిలేశాను. తప్పు నాది" అని రాసి సంతకం పెట్టారు.

అది చూసినప్పటి నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మడిచిన పారాచూట్ విప్పి మళ్ళీ మడుస్తున్నాను. ఇవాళ గాలి ఎక్కువై విమానాలు ఆపేశారు. సారు బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్నారు. నేను తలుపు దాకా వెళ్ళి వస్తూ ఇది రాస్తున్నాను. చెబితే దూకడమే కాదు, పని కూడా పోవచ్చు. అబద్ధం రాసేదాని సంతకం నమ్మి ఎవరు దూకుతారు? కానీ ఆయన చేత ఆ మాట మోయించలేను. మూడో పేజీలో నా రాత కొట్టేసి, మేడం చెప్పింది రాశాను. వెళ్ళొస్తానమ్మా, మిగతాది వచ్చాక.

వచ్చాను.

"సార్, నాలుగోదాంట్లో తప్పు మీది కాదు" అన్నాను.

"కాలు నాదీ, తప్పు నీదీనా?" అని నవ్వారు. పుస్తకం ఇచ్చాను. చదివాక నవ్వలేదు.

"విమానం ఎక్కేముందు అడిగాను కదా!"

"మా అమ్మకి పంపాలని అలా రాశాను సార్."

"నీతో దూకేది మీ అమ్మా, నేనా?"

మేడంని పిలిచారు. ఆవిడ నన్ను తిట్టింది, చదవకుండా సంతకం పెట్టినందుకు తననూ తిట్టుకుంది. పని పోలేదు. కానీ ఇక నేను మడిచిన ప్రతిదీ ఇంకొకరు విప్పి చూశాకే విమానం ఎక్కుతుంది. అందరి ముందే విప్పుతారు. దూకడం మళ్ళీ మూడోదాని నుంచి.

సారు తను రాసింది కొట్టేయలేదు. "నీ కాలు నేనూ చూసుకోవాల్సింది, అది ఉండనీ" అన్నారు. నేను కొత్తగా రాసినదాని కింద సంతకం పెట్టి పుస్తకం నా చేతికిచ్చారు. "ఇప్పుడిది ఎవరు చదివినా నిన్ను తొందరపడి వదలరు."

వచ్చేయమంటావేమో. అనకమ్మా. గాలి తగ్గితే రేపే దూకుతాను. ఇద్దరు పట్టుకుంటారు. వదలగానే మళ్ళీ తిరిగిపోతానేమో. తిరిగితే తిరిగానని అందులో రాస్తాను, నీకూ అదే రాస్తాను. నిద్ర పట్టకపోతే పట్టలేదనే అక్క చేత రాయించు. నీ ఒంట్లో ఎలా ఉందో కూడా, ఉన్నది ఉన్నట్టు.

ఇట్లు,
నీ పెద్దపిల్ల